అతుకులో పోయిన అంగుళం

రెండో తరగతిలో ఎనిమిదికి ఐదు కలిపితే ఎంతని టీచరు అడిగితే, పలక మీద పన్నెండు అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టి, అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. టీచరు పలక చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పలక చూసింది.

"ఇంకొకటి ఏమైందే?"

"అతుకులో పోయింది టీచర్."

క్లాసంతా గొల్లుమంది. వాళ్ళెందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. రెండు ముక్కలు కలిపితే అతుకులో ఒకటి పోతుందని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చి ఈ అన్యాయం గురించి మా అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి మరీ నవ్వింది. నవ్వి నవ్వి, పలకని అరచేత్తో తుడిచి, "తప్పు నాదేనే కోతిపిల్లా. నీకు గుడ్డ లెక్క ముందు నేర్పేశాను. మనుషుల లెక్క చెప్పడం మరిచిపోయాను," అంది.

అప్పుడు చెప్పిన కథ ఇది. తర్వాత ఇదే కథ తాతయ్య నోట విన్నాను, అమ్మమ్మతో పనిచేసిన కాజాల అక్క నోట విన్నాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. మూడూ కూడి మూడుతో భాగించి సగటు తీసేంత చదువు నాకు లేదు. ఎనిమిదో తరగతితో బడికీ నాకూ చెల్లు. కాబట్టి ఎవరు చెప్పింది బాగుంటే వాళ్ళది తీసుకున్నాను.

మా అమ్మమ్మ కుట్టుపని షెడ్డులో పనిచేసేది. పొడుగాటి రేకుల షెడ్డు. కిటికీల వైపు వరసగా ఎనిమిది కుట్టుమిషన్లు. అవతలి గోడ పక్కన కాజాల బల్ల, దాని చుట్టూ గుండీలు కుట్టేవాళ్ళూ కాజాలు తీసేవాళ్ళూ కలిసి ఐదుగురు. మధ్యలో నాలుగు మంచాలు కలిపేసినంత కటింగు బల్ల. లాడ్జిలకి దుప్పట్లు, ఆసుపత్రులకి కోట్లు, ఎవరెవరికో కర్టెన్లు, దిండు గలీబులు, అన్నీ ఆ బల్ల మీద ముక్కలై, మిషన్ల మీద ఒకటై, కాజాల బల్ల మీద ముస్తాబై బయటికి పోయేవి. మా అమ్మమ్మది కిటికీల వైపు మూడో మిషను.

చిన్నప్పుడు ఆవిడ బడికి వెళ్ళింది గానీ చదువు ఆవిడ దగ్గరికి రాలేదు. అంకెలన్నీ మెడలో వేసుకునే టేపు మీద నేర్చుకుంది. టేపు అరవై అంగుళాలతో అయిపోతుంది కాబట్టి అరవై తర్వాత లోకంలో ఇంకేమీ లేదని చాలాకాలం ఆవిడ నమ్మకం. అరవై దాటిందేదైనా "ఒక టేపూ, పైన ఇంత" అనేది. తాతయ్య తాతగారు ఎన్నేళ్ళు బతికారని అడిగితే "ఒక టేపూ పాతిక" అని చెప్పేది. ఆయన్ని కొలిచి పాతిపెట్టినట్టే ఉండేది వినేవాళ్ళకి.

కూడిక కూడా అక్కడే నేర్చుకుంది. ఎనిమిది అంగుళాల ముక్కా ఐదంగుళాల ముక్కా కలిపి కుడితే, ఇటు అరంగుళం, అటు అరంగుళం అతుకులోకి పోతాయి. చేతికొచ్చేది పన్నెండు. మూడు ముక్కలైతే అతుకులు రెండు, పోయేవి రెండు. కుట్టేవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. కాకపోతే మిగతావాళ్ళకి గుడ్డకి ఒక లెక్కా, బయట ఇంకో లెక్కా ఉన్నాయని తెలుసు. మా అమ్మమ్మకి ఉన్నది ఒక్కటే. గిన్నెలు లెక్కపెట్టినా, గడపలు లెక్కపెట్టినా రెండు వరసలు కలిసే చోట ఒకటి కొట్టేసేది. "అరంగుళం వదలండే, అరంగుళం వదలండే" అని కొత్తగా చేరిన పిల్లల వెంటపడి చెబుతుందని షెడ్డులో ఆవిడ పేరే అరంగుళం పిన్ని అయిపోయింది.

ఇక తాతయ్య. ఆయన తాపీ మేస్త్రీ. ఇటుకల మనిషి. ఇటుకకీ ఇటుకకీ మధ్య అరంగుళం సిమెంటు పడుతుంది కదా. కాబట్టి ఆయన లెక్కలో ఎనిమిదీ ఐదూ కలిపితే పదమూడున్నర. ఏది కలిపినా కాస్త పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆవిడ కలిపితే తగ్గేది, ఈయన కలిపితే పెరిగేది. ఇద్దరూ కలిసి ఒక ఇల్లు నడిపారు, పిల్లల్ని పెంచారు. ఆవిడ పోగొట్టే అంగుళంలో సగం ఈయన దగ్గర దొరికేది. తక్కువ పడ్డ మిగతా సగం మా వంశంలో పిల్లలందరి బుర్రల్లోనూ పడింది. నా మార్కులు చూసినవాళ్ళెవరూ ఈ మాట కాదనలేదు.

అలా పాతికేళ్ళపైన గడిచాక అమ్మమ్మ కళ్ళు మొరాయించాయి. కళ్ళద్దాలు మార్చినా సూది బెజ్జం కనిపించేది కాదు. ఒకే దారం రెండుగా కనబడేది. ఆవిడ జీవితంలో లెక్క పెరిగింది అదొక్కటే. పక్క మిషను మీద కూర్చునే నవ్వులపిల్ల ఎవరూ చూడకుండా ఆవిడ సూదికి దారం ఎక్కించిపెట్టేది. కానీ కుట్టు ఎవరు కుట్టిపెడతారు? దుప్పటి అంచున కుట్టు తాగినవాడి నడకలా వంకరలు పోవడం మొదలైంది.

షెడ్డుని చూసుకునే సూపర్‌వైజరు ఒకావిడ ఉండేది. అందరూ మేడమ్ అనేవాళ్ళు. ఒకరోజు ఆవిడ ఒక దుప్పటి అంచు పట్టుకుని అమ్మమ్మ మిషను దగ్గరికి వచ్చింది.

"ఇది నువ్వు కుట్టిందేనా?"

"నాదే మేడమ్. దాచేదేముంది, పాము పాకినట్టుంటే నాదే."

మేడమ్ నవ్వలేదు. "ఇంక నువ్వు మిషను దిగాల్సిందే," అంది.

మిషను దిగితే ఇంటికే. ఇల్లంటే అమ్మమ్మకి కోపమేం లేదు. కానీ పగలంతా ఆ ఇంట్లో ఎవరుంటారు? తాతయ్య గోడల దగ్గర, పిల్లలు వాళ్ళ పనుల మీద. షెడ్డులో పన్నెండు నోళ్ళు ఉన్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషన్ల మోతలో కేకలేసుకుంటూ, ఒకరి కోడలిని ఇంకొకరు తిట్టిపెడుతూ, ఒకరి డబ్బాలోది ఇంకొకరు తింటూ గడిపిన చోటు. "గోడతో మాట్లాడమంటావేంటయ్యా?" అని తాతయ్యని అడిగిందట. "నేను కట్టిన గోడే కదే, మర్యాదగానే వింటుంది," అన్నాడట ఆయన. ఆ రాత్రి ఆయనకి అన్నం ఆలస్యమైందని మాత్రం ముగ్గురూ ఒకేలా చెప్పారు.

దారి ఒక్కటే ఉంది. కటింగు మాస్టరు పని మానేస్తున్నాడు. ఆయన బల్ల ఖాళీ అవుతుంది. కటింగుకి సన్నటి దారంతో పనిలేదు. సుద్దముక్కతో వేలు లావు గీతలు, చేయంత పొడుగు కత్తెర. మిగతాది చేతికే తెలుస్తుంది. చెవి వెనక పెన్సిలు తీయకుండానే మాస్టరు చెప్పాడు, "అరంగుళానికి ఇవ్వండి మేడమ్. గుడ్డ ఆవిడ మాట వింటుంది," అని.

మేడమ్‌కీ ఇష్టమే. కానీ ఆ బల్లకి ఒక నియమం ఉంది. కటింగు చేసేవాళ్ళు ముందు కాగితం మీద పది కూడికలు చేసి చూపించాలి. వచ్చిన తానులెన్నో, కోసినవెన్నో, మిగిలినవెన్నో ఆ బల్ల దగ్గరే లెక్క తేలాలి మరి.

అమ్మమ్మ సంబరంగా కూర్చుంది. అందరికంటే ముందే రాసి ఇచ్చేసింది. రాసింది ఆవిడొక్కతే అనుకోండి. మేడమ్ కాగితం చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అన్నీ తప్పే."

"అన్నీనా మేడమ్?"

"అన్నీ. పొరపాటునైనా ఒక్కటి రైటవలేదు. కావాలని తప్పు రాద్దామన్నా ఒకటో రెండో కుదిరిపోతాయి." మేడమ్ వేలు పెట్టి ఒక్కొక్కటే మళ్ళీ చూసింది. "రెండంకెలు కలిపితే ఒకటి తక్కువ. మూడంకెలు కలిపితే రెండు తక్కువ. ఏంటిది?"

"అతుకులు మేడమ్."

మేడమ్ పెన్సిలు కింద పెట్టింది. "అంకెలకి అతుకులుండవమ్మా. ఇరవై తానులొచ్చాయి, మళ్ళీ పది వచ్చాయి. నువ్వు ఇరవైతొమ్మిదని చెబుతావు. ఆ ఒక్కటీ ఎవరెత్తుకెళ్ళారని పైవాళ్ళు అడుగుతారు. నిన్ను కాదు, నన్ను."

అమ్మమ్మకి ఆ మాట తగిలింది. తన లెక్క వల్ల ఇంకొకరు దొంగవుతారని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

"నెలాఖరున ఇంకోసారి రాయి. అప్పటిదాకా మాస్టరుని ఉండమంటాను. అప్పుడూ ఇలాగే రాస్తే మాత్రం నా చేతుల్లో ఏం ఉండదు," అంది మేడమ్. అనకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఆ రెండో అవకాశం ఇచ్చినందుకు మేడమ్ పేరు చెబితే మా అమ్మమ్మ ఇప్పటికీ కూర్చున్నది లేస్తుంది. మోకాళ్ళ నొప్పితో సహా లేస్తుంది.

నేర్పే బాధ్యత తాతయ్య నెత్తినేసుకున్నాడు. భోజనాలయ్యాక పీటేసుకుని, గురువుగారిలా గొంతు సవరించుకున్నాడు.

"ఎనిమిదీ ఐదూ?"

"పన్నెండు."

"తప్పు. పదమూడున్నర."

"అదెక్కడి అరయ్యా?"

"మధ్యలో సిమెంటు వెయ్యవా మరి? గాల్లో నిలబెడతావా?"

"లెక్కలో సిమెంటేంటి?"

"నీ లెక్కలో దారమేంటే?"

ఆ పాఠం అక్కడితో ఆగింది. మర్నాడు గుండీలతో మొదలుపెట్టారు. గిన్నెలో ఎనిమిది గుండీలు వేసి, ఇంకో ఐదు వేసి లెక్కపెట్టారు. పదమూడు వచ్చాయి. ఇద్దరూ నమ్మలేదు. ఆవిడ గుండీలు ఎక్కువ పడ్డాయంది, ఆయన ఒకటి సగానికి విరిగి ఎక్కడో పడిపోయిందని చాప దులిపాడు. కళ్ళెదుట కనబడుతున్న పదమూడుని పట్టుకుని ఇద్దరు పెద్దమనుషులు అలా దెబ్బలాడుకున్నారని తలుచుకుంటే, నాకు లెక్కలు రానందుకు నన్ను నేను క్షమించేసుకుంటాను.

అమ్మమ్మ కష్టం ఏంటంటే, పదమూడని బట్టీ పట్టగలదు. కానీ నమ్మకపోతే చెయ్యి రాయదు. కాగితం ముందు కూర్చోగానే లోపల ఎవరో "అతుకు, అతుకు" అని గుర్తుచేసేవాళ్ళు. నెలాఖరు దగ్గరపడుతోంది. ఆవిడ మిషను అప్పటికే నవ్వులపిల్ల చెల్లెలికి ఇచ్చేశారు. అమ్మమ్మని దుప్పట్లు మడతపెట్టడానికి కూర్చోబెట్టారు. ఆ పని ఎవరైనా చేస్తారు, ఎన్నాళ్ళో ఉండదు. అది ఆవిడకీ తెలుసు.

అలాంటప్పుడు ఒకరోజు గట్టి వాన పడింది. కాజాల బల్ల పైన రేకు కారడం మొదలైంది. మామూలుగా మధ్యాహ్నం డబ్బాలు తెరిచేటప్పుడు మిషన్ల వాళ్ళు ఎనిమిది మందీ కిటికీ కింద పొడుగు బల్ల మీద, కాజాల వాళ్ళు ఐదుగురూ వాళ్ళ బల్ల దగ్గరే తినేవాళ్ళు. దుప్పట్లు మడిచినా అమ్మమ్మ కూర్చోవడం తన పాత చోటే. మిషను దక్కిన చెల్లెలింకా పనిలో చేరలేదు. ఆ రోజు నెత్తిన నీళ్ళు కారుతుంటే కాజాల వాళ్ళు డబ్బాలు పట్టుకుని ఇటు పరిగెత్తుకొచ్చారు.

"జరగండి, జరగండి, తడిసి ముద్దవుతున్నాం," అని కాజాల అక్క అందరినీ తుంటితో నెట్టుకుంటూ కూర్చుంది. కాజాల అక్కంటే ఆ బల్లకి పెద్ద. గొంతు మిషను కంటే పెద్దది.

అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. అమ్మమ్మ డబ్బా తెరవలేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి చూస్తూ పెదవులు కదిపింది.

"ఏంటి పిన్నీ, ఎవరి డబ్బాలో ఏముందో చూస్తున్నావా?"

"పదమూడు మందిమి ఉన్నామే," అంది అమ్మమ్మ.

"ఉండమా మరి?"

"ఎవరూ తగ్గలేదు."

"తగ్గడమేంటి పిన్నీ? ఎవరు తగ్గాలి?"

"నువ్వూ, ఈ నవ్వులపిల్లా. మీరే కదే ఆ వరసకీ ఈ వరసకీ మధ్య కూర్చున్నది. అతుకులో మీ ఇద్దరిలో సగం సగం పోవాలి."

నవ్వులపిల్లకి పొలమారింది. కాజాల అక్క తన నడుం వైపు చూసుకుని, "సగం పోతే మా ఆయన సంతోషిస్తాడు గానీ, పోలేదు పిన్నీ. కావాలంటే గిల్లి చూడు," అంది. అమ్మమ్మ నిజంగానే గిల్లింది. అక్క కెవ్వుమంది. నవ్వులపిల్లనీ గిల్లింది. అదీ ఉంది. కిటికీ మీద వాన కొడుతుంటే బల్ల ఆ చివరి దాకా అందరినీ భుజం తట్టుకుంటూ వెళ్ళి, వెనక్కి వచ్చి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని పదమూడంది.

"మనుషులకి అతుకులో ఏమీ పోదు," అని అందరికీ వినబడేలా చెప్పి, అప్పుడు డబ్బా తెరిచింది.

ఆ రోజు నుంచి పాఠం షెడ్డు మొత్తానిదైంది. చిన్న కూడికలు బల్ల మీదే తేలిపోయేవి. నలభై ఏడూ ముప్ఫై ఎనిమిదీ లాంటివి వస్తే, పది మంది పట్టే బల్లలు ఊహించుకోమంది కాజాల అక్క. "నలభై ఏడంటే నాలుగు బల్లలు నిండి ఐదో దాంట్లో ఏడుగురు కూర్చున్నారు. ముగ్గురికి చోటుంది. ముప్ఫై ఎనిమిది మందిలోంచి ముగ్గుర్ని పిలు పిన్నీ." అమ్మమ్మ పిలిచేది. ఐదు బల్లలు నిండేవి. అవతల ముప్ఫై ఐదుగురు మిగిలేవాళ్ళు. ఎనభై ఐదు. ఒక టేపూ పాతిక అనబోయి నాలిక్కరుచుకునేది.

నెలాఖరున మళ్ళీ మేడమ్ ముందు కూర్చుంది. గదిలో ఇద్దరే. కాసేపటికి మేడమ్ తలెత్తింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"వీళ్ళతోనే మేడమ్."

"వీళ్ళంటే?"

"ముప్ఫై ఎనిమిది మంది. ముగ్గుర్ని ఇటు రమ్మంటే కదలడం లేదు."

మేడమ్ చుట్టూ చూసి, "కాస్త మెల్లగా పిలు," అంది.

పదికి పది. కాగితం మీద మేడమ్ ఎర్రటి పెన్సిలుతో పెట్టిన గీతలు చూసి అమ్మమ్మ ఏడ్చిందని అక్క అంటుంది. ఏడవలేదు, కళ్ళజబ్బని అమ్మమ్మ అంటుంది. ఏదైనా కళ్ళే కదా.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ మా అమ్మమ్మ ఒక పని పూర్తిగా నేర్చుకుందంటే ఎంత పూర్తిగా నేర్చుకుంటుందో మీకు తెలియదు.

కటింగు బల్ల మీద ఆవిడ మొదటి పని ఒక లాడ్జి వాళ్ళ దిండు గలీబులు. తెల్లగుడ్డ, మూతి దగ్గర నీలం అంచు. దిండు పొడుగు ఇరవైఆరు అంగుళాలు. అమ్మమ్మ కొత్త లెక్కతో హుషారుగా ఉంది. తెలుపు పద్దెనిమిది, నీలం ఎనిమిది. తెలుపు బల్లల్లో ఒకటి నిండి రెండో దాంట్లో ఎనిమిది మంది. నీలం వాళ్ళలో ఇద్దరు ఇటు వచ్చారు. ఇరవై. మిగిలినవాళ్ళు ఆరుగురు. ఇరవైఆరు. ఎవరూ తగ్గలేదు. సుద్దతో గీసింది, కత్తెరతో పరపరా కోసేసింది. అంచు మడతలకీ పక్క కుట్లకీ విడిగా వదిలింది, ఆ అలవాటు చేతిది. తెలుపూ నీలం కలిసే చోటు మాత్రం తల చెప్పినట్టు కోసింది. తలకి ఇప్పుడు అతుకులు లేవు కదా. ఒక్కటి కాదు, దొంతర మొత్తం.

మొదటి గలీబు నవ్వులపిల్ల కుట్టి, సరదాకి దిండుకి తొడిగి చూసింది. అంగుళం తక్కువ. దిండు మూల బయటికొచ్చి, నాలుక చాపి వెక్కిరిస్తున్నట్టుంది.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. జీవితమంతా అరంగుళం వదలండని అందరి వెంటా పడ్డ మనిషి, తనే వదలడం మరిచిపోయింది. అమ్మమ్మ కత్తెర బల్ల మీద పెట్టి, మెడలో టేపు తీసి దాని పక్కన పెట్టింది. గుడ్డ పాడుచేసినవాళ్ళని ఆ బల్ల దగ్గర ఉంచరు. పాత మాస్టరు కంటే ముందున్నాయన అలాగే వెళ్ళిపోయాడు.

"మేడమ్‌కి చెప్పి ఇంటికి పోతానే," అంది.

"పో. తొందరేముంది? ముందు లెక్క చెప్పి పో," అంది కాజాల అక్క.

"ఏం లెక్క?"

"అంగుళం తక్కువైంది. మధ్యలో పట్టీ వేస్తే ఎంత పట్టీ వెయ్యాలి?"

"రెండు," అంది అమ్మమ్మ, ఆలోచించకుండానే. "పద్దెనిమిదీ రెండూ ఎనిమిదీ. ఇరవైఎనిమిది. అతుకులు రెండు కాబట్టి రెండు పోతాయి. ఇరవైఆరు."

"అంగుళానికి అంగుళం వేస్తే చాలదా?"

"పిచ్చిమొహమా, ఒక అతుక్కి బదులు రెండు అతుకులు కూర్చుంటాయి. పట్టీలో అంగుళమే బయటికి కనబడేది."

"అదిగో," అంది అక్క అందరి వైపూ తిరిగి. "పాత లెక్క ఎక్కడికీ పోలేదు. తీయండే మీ సంచులు."

షెడ్డులో ప్రతివాళ్ళకీ ఒక పీలికల సంచి ఉండేది. కోయగా మిగిలిన ముక్కలు. ఎవరి ఇంటికి వాళ్ళు పట్టుకెళ్ళి పిల్లలకి లాగులో, గిన్నెలు దింపే మసిగుడ్డలో చేసుకునేవాళ్ళు. ఆ సంచులన్నీ ఆ రోజు కటింగు బల్ల మీద బోర్లించారు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఆసుపత్రి కోట్ల లేత నీలం. అమ్మమ్మ రెండంగుళాల పట్టీలు కోస్తూ పోయింది. మిషన్లు లేచిపోయేలా తొక్కారు. కాజాల వాళ్ళు గుండీలు పక్కన పడేసి దారాలు తెంపుతూ, ఇస్త్రీ చేస్తూ, తొడిగి చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు ఎవరి కోడలినీ ఎవరూ తిట్టలేదట. అది నేను నమ్మను.

సాయంత్రం మేడమ్ వచ్చేసరికి గలీబులు దొంతరగా ఉన్నాయి. తెలుపుకీ నీలానికీ మధ్య ఒక్కో దాంట్లో ఒక్కో రంగు సన్నటి గీత.

"ఈ గీత ఎవరు పెట్టమన్నారు?"

అమ్మమ్మ ముందుకొచ్చింది. "ఎవరూ పెట్టమనలేదు మేడమ్. నేను తక్కువ కోశాను. వీళ్ళు సరిచేశారు. కాగితం లెక్కతో గుడ్డ కోశాను."

మేడమ్ ఒక గలీబు తీసుకుంది. బల్ల మీదున్న టేపుతో కొలిచింది. ఇరవైఆరు. ఇంకోటి కొలిచింది. ఇరవైఆరు. దిండుకి తొడిగి నాలుగు మూలలూ నొక్కి చూసింది.

"దిండు పట్టింది కదా," అంది మేడమ్.

"పట్టింది మేడమ్."

"మరి టేపు మెడలో ఉండాలి గానీ బల్ల మీదెందుకుంది?" అని దాన్ని అమ్మమ్మ మెడలో పడేసి, వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగింది. "గుడ్డకి ఒక లెక్క, తానులకి ఒక లెక్క. ఇంకెప్పుడూ కలపకు."

లాడ్జి వాళ్ళు గీతలు చూసి మూతి ముడుచుకున్నారు. ముడుచుకునే తీసుకెళ్ళారు.

తర్వాత అమ్మమ్మ చాలా ఏళ్ళు ఆ బల్ల దగ్గర పనిచేసింది. చూపు ఇంకా తగ్గాక కూడా, గుడ్డని బొటనవేలితో తడిమి కోసేదట. ఆ జీతంతో ఏం చేసిందో, ఎవరిని చదివించిందో చెప్పమంటే చెప్పదు. "పన్నెండు మంది నన్ను ఉంచారు, నేను ఉన్నాను," అంటుంది. ఆవిడ జీవిత చరిత్ర అంతే అన్నట్టు.

నేనిప్పుడు సంచులు కుట్టి అమ్ముకుంటున్నాను. బడి నన్ను వదిలేసినా మెడలో టేపు వదల్లేదు. పని ఎక్కువై చేతులు చాలనప్పుడు పక్కింటి అమ్మాయిలు వచ్చి కూర్చుంటారు. వాళ్ళు పిలవకుండానే వస్తారు. అలా పిలవకుండా వచ్చేవాళ్ళు ఉండడం ఎంత ఆస్తో నాకు అమ్మమ్మని చూశాకే తెలిసింది. లేకపోతే లెక్కలోకి తీసుకునేదాన్ని కాదు.

ఆ మొదటి గలీబు, నాలుక చాపిన దిండుది, మా ఇంట్లోనే ఉంది. కుట్టు విప్పి అందులోనూ పట్టీ వేశారు. పసుపు పట్టీ, కాజాల అక్క సంచిలోది. ఒప్పగించే దొంతరలో పెట్టకుండా నవ్వులపిల్ల దాచి తెచ్చి ఇచ్చిందట, ఆ స్థానంలో ఇంకోటి కుట్టి పెట్టి. చిన్నప్పుడు దాని కోసం నేనూ నా తమ్ముడూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళం. రెండో తరగతిలో పలకతో ఇంటికొచ్చిన ఆ సాయంత్రం, కథంతా విన్నాక, నేను ఆ గలీబు మీదే పడుకుని అడిగాను.

"అమ్మమ్మా, అతుకులో పోయిన అంగుళం ఎక్కడికి పోతుంది?"

"లే," అంది. దిండు లాగేసి, గలీబు తిరగేసి చూపించింది. లోపల, పసుపు పట్టీకి రెండు పక్కలా, అరంగుళం తెలుపు, అరంగుళం నీలం, వాటిని ఆనుకుని అరంగుళం పసుపు, అన్నీ వేలి కింద మెత్తగా తగిలాయి.

"ఎక్కడికీ పోదే. లోపల ఉండి పట్టుకుంటుంది. ఆ అరంగుళం కుట్టులోకి వదలకపోతే రెండో ఉతుక్కే ఊడిపోతుంది."

"అయితే పన్నెండు కూడా రైటే కదా?"

"బడిలో పదమూడు రాయి," అని గలీబు మళ్ళీ తిరగేసి దిండుకి తొడిగింది. "ఎనిమిదీ ఐదూ ఎంత?"

నేను కళ్ళు మూసుకుని వాన కురుస్తున్న షెడ్డులో బల్ల మీద ఒక్కొక్కరినే గిల్లుకుంటూ వెళ్ళాను. చివర్లో అమ్మమ్మనీ గిల్లాను. నిజంగానే గిల్లాను. వీపు మీద ఒకటి పడింది.

"పదమూడు," అన్నాను.